లాకుల్లో తాడు ముడి వేయకండి

ప్రశ్న: మేం సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటాం. మావారి కొలీగ్ ఒకాయన లేక్ వాషింగ్టన్‌లోని ఒక యాట్ క్లబ్ మెంబరు. లేబర్ డే సెలవులకి క్లబ్ పడవలన్నీ కలిసి సముద్రం మీదుగా పౌల్స్‌బో అనే ఊరికి వెళ్తున్నాయట, మూడు రోజులు. మమ్మల్నీ రమ్మంటే మావారు వెంటనే సరేననేశారు. నాకు ఈత రాదు. పైగా సఖినేటిపల్లి నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు. 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడని తీసుకెళ్లొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: సఖినేటిపల్లి మనిషికి నీళ్ల భయం ఏమిటమ్మా! నర్సాపురంలో పనుంటే పంటెక్కి గోదావరి దాటిన ఆవిడ. ముందు ఆవిడనే అడగండి. నా అనుమానం, భయం మీది, పేరు ఆవిడది.

ఆవిడకి ఇబ్బంది మోకాళ్లతోనే. సెయిల్‌బోట్‌లో పడుకునే గది కింద ఉంటుంది. దిగడానికి నిచ్చెనలాంటి నాలుగైదు నిట్టనిలువు మెట్లు. బాత్రూమూ అక్కడే, బీరువాలో నిలబడ్డట్టు ఉంటుంది. ఫ్లష్‌కి చాలా పడవల్లో చేత్తో పంపు కొట్టాలి. అంతా పడవలోనే ఉన్న ట్యాంకులోకి పోతుంది. 2018 నుంచి పూజెట్ సౌండ్‌లో, అంటే సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయలో, టాయిలెట్ నీళ్లు వదలడం నిషేధం కాబట్టి, మనవాళ్ల అలవాటు ప్రకారం చెంబులతో నీళ్లు కుమ్మరిస్తే రెండో రోజుకే ట్యాంకు నిండుతుంది. ఈ సంగతి ఆవిడకి ముందే చెప్పండి, అక్కడికెళ్లాక కాదు.

ఇక మీ భయం. సౌండ్‌లో నీళ్లు ఎండాకాలంలో కూడా ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. అందులో పడితే ఈతగాడికీ ఊపిరి అందదు. కాబట్టి ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకోండి. వేసుకుని, బిగించుకుని, అప్పుడు పడవెక్కండి.

మీరు జాగ్రత్త పడాల్సింది సముద్రంలో కంటే ముందే, బాలార్డ్ లాకుల్లో. లాకులంటే మీ అత్తగారికి విడమరిచి చెప్పక్కర్లేదు, లొల్ల లాకులు చూసే ఉంటారు. పడవని రెండు తలుపుల మధ్య ఆపి, నీళ్లు పెంచో తగ్గించో అవతలి మట్టానికి చేర్చేవే లాకులు. బాలార్డ్‌లో వీటిని 1917లో తెరిచారు. సరస్సు నీళ్లు ఎత్తులో, సముద్రం పల్లంలో. పోటూ పాటూ బట్టి ఆ తేడా 6 నుంచి 26 అడుగుల దాకా ఉంటుంది. సెలవు రోజున పడవలు ఇరుక్కుని నిలబడతాయి, మీ వంతుకి గంట పట్టొచ్చు. పెద్ద లాకులో గోడ పక్కన ఆగితే, మీ తాడు కొస ఉచ్చుని పైనున్న మనిషి గుంజకి తగిలిస్తాడు. రెండో కొస మీ చేతిలో. తలుపులు మూసి నీళ్లు వదలగానే పడవ కిందికి దిగడం మొదలవుతుంది. దాంతో పాటు తాడుని కొద్దికొద్దిగా వదులుతూ పోవాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు, బుద్ధిమంతుడిలా, గుంజకి గేదెను కట్టినట్టు పడవ మీది కొక్కేనికి రెండు ముళ్లు వేసి చేతులు దులుపుకున్నాను. నీళ్లు దిగుతున్నాయి, పడవ దిగదు. తాడు వీణ తీగలా బిగుసుకుని కిర్రుమంది, పడవ ఒక పక్కకి ఒరిగింది, లోపల గిన్నెలు దబదబా పడ్డాయి. బరువు పడ్డ ముడి చేత్తో విప్పలేం. పడవ ఆసామి కత్తితో ఒక్క వేటున తాడు తెంపాడు. నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. కాబట్టి కొక్కేనికి ఒక చుట్టు చుట్టి కొస చేత్తో పట్టుకోండి, ముడి మాత్రం వేయకండి.

లాకులు దాటి సౌండ్‌లోకి వచ్చాక ‘తొందరేముంది’ అంటూ ఫొటోలకి ఆగమనకండి. పౌల్స్‌బోకి అగేట్ పాసేజ్ అనే ఇరుకు దారిలోంచి వెళ్లాలి. అక్కడ ప్రవాహం 6 నాట్ల దాకా, అంటే గంటకి సుమారు 11 కిలోమీటర్ల వేగంతో లాగుతుంది, మీ పడవ వేగమూ దాదాపు అంతే. ఎదురు పోటులో దొరికితే ఇంజన్ మోగుతూనే ఉంటుంది, ఒడ్డున చెట్లు మాత్రం కదలవు. మీ పడవాయన తెల్లారే బయల్దేరమంటే అందుకే.

మోకాళ్లు మరీ ఇబ్బంది పెడితే మీవారు అత్తగారిని కారులో తీసుకుని సియాటిల్ నుంచి బెయిన్‌బ్రిడ్జ్ ఫెర్రీ ఎక్కితే సరి. 35 నిమిషాల ప్రయాణం, లోపల కుర్చీలు, కాఫీ. అటునుంచి పౌల్స్‌బోకి పోయే రోడ్డు ఆ అగేట్ పాసేజ్ వంతెన మీదుగానే. మీరు పడవలో వెళ్లండి. వెంటనే సరేనని గంతులేసినాయన కారు నడుపుతాడు!

ఊరు నార్వే వాళ్లు కట్టుకున్నది. పేరు నిజానికి పాల్స్‌బో అట. 1886లో పోస్టాఫీసు కోసం రాసిన దరఖాస్తులో చేతిరాత అర్థం కాక పౌల్స్‌బో చేశారంటారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు మారిపోయిన మనవాళ్లకి ఈ కథ కొత్తేం కాదు.

ప్రశ్న: పడవాయన డబ్బులు తీసుకోరట. వంట ఏం తీసుకెళ్లాలి, ఏమివ్వాలి?

జవాబు: పులిహోర, దద్దోజనం. రేవులో అందరూ తలా ఒకటి తెచ్చి పంచుకుంటారు, గిన్నె మీ దగ్గరే ముందు ఖాళీ అవుతుంది. ఆవకాయ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఇంగువ తాలింపు ఇంటి దగ్గరే వేసుకోండి, ఆ చిన్న గదిలో వాసన మూడు రోజులు వదలదు. డీజిల్‌కి, రేవు అద్దెకి మీ వాటా ఇస్తామని ఒక్కసారి అడగండి, వద్దంటే ఊరుకోండి. తిరిగొచ్చాక మాత్రం సంచులు కారులో పెట్టుకుని జారుకోకండి. సముద్రపు ఉప్పు పోయేలా పడవంతా కడగాలి. గొట్టం మీరు పట్టుకోండి.