సబ్‌మెరైన్ శాఖకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు సబ్‌మెరైన్ శాఖకు స్వచ్ఛందంగా పేరు ఇచ్చావనీ, వచ్చే నెలలో విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ శాతవాహనలో శిక్షణకు చేరుతున్నావనీ మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఆ ఏడుపుకు కారణం నాకు తెలుసు. ఆ సంగతి ఉత్తరం చివర రాస్తాను. ముందు వృత్తి సంగతి రాస్తాను. ఇరవై ఏళ్లకు పైగా బోట్లలో గడిపినవాడిని కనుక నీకు పనికివచ్చే మాటలు కొన్ని నా దగ్గర ఉన్నాయి. బోటు అన్నానని ఆశ్చర్యపోకు, మాలో ఎవరూ సబ్‌మెరైన్‌ను ఓడ అనరు.

నీకు ఏడేళ్లప్పుడు ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి నిన్ను తీసుకువెళ్లాను. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లే గుండ్రటి ద్వారం దగ్గర ముందు కాలు పెట్టాలో తల పెట్టాలో తేలక నువ్వు ఆగిపోతే, వెనక వరుస మొత్తం ఆగిపోయింది. బయటికి వచ్చాక "దీనికి కిటికీలు లేవేం మామయ్యా?" అని అడిగావు. నీళ్లు వస్తాయని చెప్పి ఆ రోజు దాటవేశాను. అసలు జవాబు ఇది: నీటి కింద చూడడానికి ఏమీ ఉండదు కనుక కిటికీ ఉన్నా దండగే. లోతు ఎంతో, అడుగున ఏముందో, పైన ఏ ఓడ పోతోందో అంతా ముళ్లను, అంకెలను, సోనార్‌లో వినిపించే చప్పుళ్లను బట్టి తెలుసుకోవలసిందే. అందువల్ల బోటులో ఒక మనిషి ఇంకొక మనిషికి చెప్పే మాటే అతని కన్ను. చెప్పినవాడు చూడకుండా చెప్పాడంటే బోటంతటికీ చూపు పోయినట్టే. నేను ఇప్పుడు రాయబోయేదంతా ఈ ఒక్క విషయం గురించే.

శిక్షణ ముగిసి బోటు మీదికి వచ్చిన తరువాత నీకు ఒక నోటుపుస్తకం నింపే పని పడుతుంది. గాలి, నీరు, నూనె, హైడ్రాలిక్స్, కరెంటు, ఇవి బోటు పొడవునా ఏ గొట్టంలో ఎక్కడికి పోతున్నాయో, ఏ వాల్వు దేన్ని ఆపుతుందో స్వయంగా వెతికి బొమ్మ గీయాలి. చాలామంది కుర్రవాళ్లు వెనకటి బ్యాచి వాళ్ల పుస్తకం తెచ్చుకుని శుభ్రంగా ఎక్కించేస్తారు. బొమ్మ చక్కగానే వస్తుంది, సంతకమూ దొరుకుతుంది, కానీ ఆ మనిషికి బోటు మాత్రం తెలియదు. నువ్వు అలా చేయవద్దు. రోజుకు ఒకే వ్యవస్థను తీసుకో. ముందు టార్పెడో గదిలో మొదలుపెట్టి, డెక్ ప్లేటు ఎత్తి, టార్చి పట్టుకుని, పొట్ట మీద పాకుతూ ఆ గొట్టం వెంట చివరిదాకా పో. నీ బొమ్మలో సరళరేఖలా ఉన్నది అక్కడ ఫ్రిజ్ వెనక్కి పోయి, మూడు మలుపులు తిరిగి, ఎవరి మంచం కిందో తేలుతుంది. మరునాడు అదే దారిలో టార్చి లేకుండా పో.

నాకు ఈ పద్ధతి నేర్పింది అధికారి కాదు, ఇంజిన్ గదిలో పనిచేసే ఒక సీనియర్ నావికుడు. మొదటి వారంలోనే ఆయన నా కళ్లకు చేతిరుమాలు కట్టి, నా కుడి చేతిని ఒక్కొక్క వాల్వు మీద పెట్టి, "ఇది ఏది సాబ్?" అని అడిగేవాడు. ఒకదానికి చక్రం, ఒకదానికి మీట, ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా, ఇంకొకదాని చక్రానికి ఒక పంటి దగ్గర చిన్న నొక్కు. దీపాలు పోయి, పొగ కమ్మినప్పుడు మిగిలేది ఆ నొక్కే. ఇప్పటికీ నా వేళ్లకు అది గుర్తుంది. నీ భుజం మీద ఎన్ని చారలున్నా, తనకు తెలిసినది నీకు చెప్పడానికి సిద్ధపడిన నావికుడి ముందు శిష్యుడిలాగే నిలబడు. మన శాఖ పుట్టింది కూడా అలాగే. 1967 డిసెంబరు 8న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన మొదటి సబ్‌మెరైన్ కల్వరి నౌకాదళంలో చేరేనాటికి, మనవాళ్లు అధికారులూ నావికులూ కలిసి, పరాయి భాష నేర్చుకుని, పరాయి దేశపు చలిలో పరాయి గురువుల దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాళ్లే. మరుసటి ఏడాది వాళ్లు ఆ బోటును విశాఖకు తెచ్చారు. ఇప్పుడు నువ్వు ఆ చదువే శాతవాహనుల పేరు పెట్టిన బడిలో, ఇంటికి దగ్గరలో చదవబోతున్నావు.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. ఇది మీ అత్తయ్యకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. బోటు మునగడానికి ముందు ప్రతి గదిలోనూ వాల్వులన్నీ సరైన స్థితిలో ఉన్నాయో లేదో ఒక నావికుడు పట్టిక ప్రకారం చూస్తాడు, తరువాత ఒక అధికారి వాటన్నిటినీ తన చేత్తో ముట్టుకుని మళ్లీ చూస్తాడు. ఆ రెండో మనిషిని ఆ రోజు నేను. నా వంతు గదిలో ఒక మూల, బంగాళాదుంపల బస్తాల వెనక ఒక చిన్న డ్రెయిన్ వాల్వు ఉంది. బస్తాలు జరపడానికి బద్ధకించి, నావికుడు చూశాడు కదా అనుకుని, సంతకం చేశాను. మునిగిన కొద్దిసేపటికి ఆ గదిలోకి నీరు వస్తోందని కబురు వచ్చింది. బోటును నడిపే గది అయిన సెంట్రల్ పోస్ట్‌లో నిలబడి ఉన్న నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, అది ఏ వాల్వో, ఏ బస్తాల వెనకో. కానీ వెంటనే నోరు పెగలలేదు. నలుగురి ముందు పరువు పోతుందని తటపటాయించాను. మహా అయితే అర నిమిషం అయి ఉంటుంది. అక్కడ కిందికి పోతున్న లోతు ముల్లు నా కంటికి ఎదురుగానే ఉంది. చివరికి చెప్పాను. "సర్, బస్తాల వెనక డ్రెయిన్ వాల్వు, నేను ముట్టుకోకుండా సంతకం చేశాను." కెప్టెన్ నా వైపు తిరిగి చూడను కూడా లేదు. బోటును పైకి తెమ్మని, ఆ వాల్వు మూయించమని రెండు ఆదేశాలు ఇచ్చి, పనిలో పడిపోయాడు. మరునాడు మాత్రం నన్ను ఆ గదికి తీసుకువెళ్లి, పట్టికలోని ప్రతి వాల్వునూ మూడుసార్లు నా చేత ముట్టించి, అప్పుడు ఒకే మాట అన్నాడు: "తప్పుకు నిన్ను క్షమిస్తాను, ఆ అర నిమిషానికి క్షమించను."

కనుక తెలియనిది తెలియదని చెప్పు, చేసిన తప్పు చేసిన క్షణాన చెప్పు. ఒడ్డున ఉద్యోగాల్లో తప్పును సాయంత్రం దాకా దాచుకుని, తీరికగా సర్దుకోవచ్చు. బోటులో తప్పుకు తోడు పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున సముద్రం నెత్తిన కూర్చుంటుంది.

నువ్వు ఎక్కువగా తిరగబోయే బంగాళాఖాతం గురించి కూడా రెండు మాటలు రాయాలి, ఎందుకంటే దాని సంగతి పుస్తకాల్లో ఒక పేరాతో సరిపెడతారు. వానాకాలం చివర్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, మన గోదావరి అన్నీ తెచ్చి పోసిన మంచినీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. ఉప్పు తగ్గిన నీరు తేలిక. తేలిక నీటిలోకి వెళ్లిన బోటు బరువెక్కుతుంది. మూడు వేల టన్నుల బోటుకు నీటి సాంద్రతలో వెయ్యో వంతు తగ్గినా మూడు టన్నుల బరువు కొత్తగా వచ్చినట్టు లెక్క. అంత నీటిని, బోటు బరువును సరిచేసే ట్రిమ్ ట్యాంకుల నుంచి బయటికి తోడితే గానీ బోటు నిలవదు. రాజమండ్రి గట్టున నిలబడి నువ్వు చూసిన ఆ ఎర్రనీరే కొన్ని వారాల తరువాత నీ లోతు ముల్లును కదిలిస్తుందన్నమాట. ట్రిమ్ చూసే బాధ్యత నీకు ఇచ్చిన రోజున, నిన్నటి లెక్కను నమ్మకుండా నీటి ఉష్ణోగ్రతను, ఉప్పును కొత్తగా చూసుకో.

గాలి విషయంలో నీ శరీరాన్ని గమనించడం నేర్చుకో. కారణం లేని తలనొప్పి, నలుగురికీ ఒకేసారి వచ్చే ఆవలింతలు, అనవసరమైన చిరాకు కనిపిస్తే అది అలసట అనుకోకుండా కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో అడుగు. బ్యాటరీలు ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీలోకి ఉప్పునీరు పోతే క్లోరిన్ పుడుతుంది. 2013 ఆగస్టు 14న ముంబయి రేవులో, ఒడ్డుకు కట్టి ఉన్న సింధురక్షక్ సబ్‌మెరైన్‌లో పేలుళ్లు జరిగి మనవాళ్లు 18 మంది పోయారు. రేవులో ఉన్నాం కదా అని కూడా నిశ్చింత పనికిరాదు. బోటులో స్నానాలు తక్కువ, నీళ్లు కొలత, మంచం దొరికినప్పుడే నిద్ర; వీటికి వారం రోజుల్లో అలవాటు పడతావు, అవి పెద్ద విషయాలు కావు.

పరీక్షలన్నీ గట్టెక్కి ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జి పెట్టుకున్న నాడు నాకు తప్పక ఫోన్ చెయ్యి. కమాండ్ కోర్సు, పెరిస్కోప్ కొన్ని సెకన్లు మాత్రమే పైకి ఎత్తి చూసినదాన్ని కళ్లు మూసుకుని లెక్క కట్టడం, అవి చాలా ఏళ్ల తరువాతి మాటలు. అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. మీ తాతయ్య పోయినప్పుడు నేను నీటి కింద ఉన్నాను. ఎక్కడ ఉన్నానో ఇంట్లో తెలియదు, ఎప్పుడు వస్తానో తెలియదు. మీ చిన్నమామయ్య కొరివి పెట్టాడు. పదకొండో రోజు కూడా గడిచిపోయింది. బోటు జెట్టీకి కట్టాక, మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచి కెప్టెన్ చెప్పాడు. ఆయనకు కబురు ముందే అందింది, నాకు చెప్పకుండా ఆపాడు. ఆ రోజుల్లో నా మీద ఉన్న వాచీ (వంతు కాపలా) బాధ్యతను బట్టి అలా ఆపడమే సరైనదని నేను ఇవాళ కూడా నమ్ముతాను. ఇంటికి వెళ్లి తలుపు తీసిన మీ అమ్మను చూశాను. నా బట్టల డీజిల్ వాసన ఇల్లంతా కమ్మింది, అప్పటికి గోడ మీద తాతయ్య ఫోటోకు దండ పడి ఉంది. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న ఫోన్లో ఆమె ఏడ్చింది అందుకు.

నువ్వు మొదటిసారి సముద్రంలోకి వెళ్లేలోపు ఈ విషయం అమ్మతో, నాన్నతో కూర్చుని మాట్లాడు. ఎన్నాళ్లు ఉత్తరం ముక్క కూడా రాదో ఉన్నదున్నట్టు చెప్పు. తొందరగా వచ్చేస్తానని తేదీ చెప్పవద్దు, తేదీ దాటిన ప్రతి రోజూ వాళ్లకు నరకం. బ్యాంకు పత్రాలు, సంతకాలు చేసి పెట్టవలసినవి అన్నీ ముందే అప్పగించు. ఇంట్లో చెడు కబురు వస్తే నీకు అక్కడే చెప్పాలా, తిరిగి వచ్చాక చెప్పాలా అన్నది నీ మనసులో తేల్చుకుని, బోటు కదలకముందే నీ కెప్టెన్‌కు చెప్పి ఉంచు. నిర్ణయం చివరికి ఆయనదే అయినా, నీ మాట ఆయనకు తెలిసి ఉండాలి. నేను ఆ మాట చెప్పి ఉంచలేదు.

విశాఖ చేరిన మొదటి ఆదివారం భోజనానికి ఇంటికి రా. నా నోటుపుస్తకం ఇంకా బీరువాలో ఉంది, నూనె మరకలతో అంచులు నల్లబడ్డాయి. చూపిస్తాను కానీ ఇవ్వను. నీ బోటు వేరు, నీ గొట్టాలు నువ్వే వెతుక్కోవాలి. బయలుదేరే ముందు అమ్మ దగ్గర రెండు రోజులు ఎక్కువ ఉండి రా.

ఆశీస్సులతో,
మీ మామయ్య