స్కూల్లో జాతీయ జెండాతో పాటు స్కూలు జెండా ఎలా కట్టాలి?

మేడం, స్కూల్లో ఉన్న ఒక్క స్తంభానికే జాతీయ జెండా కింద స్కూలు జెండా కట్టొచ్చా, వేదిక మీద ఏది ఎటువైపు పెట్టాలి, మీ కరస్పాండెంట్ గారు ఈ మధ్యే పోయారు కాబట్టి ఆగస్టు 15న జెండా సగానికి దించి ఉంచొచ్చా అని అడిగారు. అనంతపురంలో ఇరవై రెండేళ్లు పీఈటీగా చేశాను, జెండా పని ఏటా నాదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఒకే స్తంభానికి రెండు జెండాలు కట్టకూడదు. 2002 నుంచి అమల్లో ఉన్న ఫ్లాగ్ కోడ్‌లో ఇది స్పష్టంగా ఉంది. స్కూలు జెండాకు వేరే పైపు పాతించండి, కాస్త ఎడంగా, ఎత్తు తక్కువగా. మేమూ ఒకసారి స్పోర్ట్స్ డే రోజు నాలుగు హౌస్‌ల జెండాలు జాతీయ జెండా తాడుకే వరుసగా కట్టేశాం. ఒక పాప తాతగారు, మిలిటరీలో చేసి రిటైరైన మనిషి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. అందరి ముందూ అనలేదు, ఆ మర్యాద ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటికప్పుడు ఆ నాలుగూ విప్పేశాం.

వేదిక దగ్గర అందరూ తడబడేది కుడి ఎడమల విషయంలోనే. కింద కుర్చీల్లోంచి చూసి ఇది కుడి అనుకుంటారు, అది తప్పు. మీరే వేదికెక్కి జనం వైపు తిరిగి నిలబడండి, మీ కుడిచేతి వైపు జాతీయ జెండా ఉండాలి, పిల్లలకు అది ఎడమవైపు కనిపిస్తుంది, కనిపించనీయండి. బల్ల మీద గుడ్డలా మాత్రం పరచొద్దు. స్తంభం కొసకు బంతిపూల దండ కట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, అదీ కూడదు. పూలరేకులు జెండా మడతలో పెట్టుకోవచ్చు, దానికి అనుమతి ఉంది.

కరస్పాండెంట్ గారి మీద మీ గౌరవం అర్థమైంది, కానీ సగానికి దించడం మన చేతిలోది కాదు, ప్రభుత్వం చెబితేనే దించాలి. జెండావందనానికి ముందు రోజు అసెంబ్లీలో ఆయన ఫొటోకు పూలు పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించండి. 2015 జూలైలో అబ్దుల్ కలాం గారు పోయినప్పుడు ఏడు రోజులు సంతాపదినాలు ప్రకటించారు, మా స్కూల్లో రోజూ జెండా ఎగరేసేవాళ్ళం కాబట్టి అప్పుడు మేమూ దించాం. అప్పుడు కూడా నేరుగా సగం దాకా లాగి ఆపకూడదు, ముందు పైదాకా ఎగరేసి తర్వాత సగానికి తేవాలి, సాయంత్రం దించేటప్పుడు మళ్లీ పైదాకా తీసుకెళ్లి దించాలి.

ఇంకోటి, ఆషాఢం గాలులు మన ఊళ్లో ఎట్లుంటాయో మీకు తెలుసు, గుడ్డ కొస పోగులు లేచిపోతుంది. చిరిగిన జెండా ఎగరేయొద్దు, చెత్తలో అసలే వేయొద్దు, ఎవరూ లేని చోట మొత్తంగా కాల్చేయాలి. 2021 చివర్లో పాలిస్టర్ జెండాలకూ అనుమతి ఇచ్చారు, ఖద్దరే అక్కర్లేదు, కాబట్టి కొత్తది ఒకటి బీరువాలో ఉంచుకోండి.

14 సాయంత్రం కాషాయం పైకే ఉందో లేదో చూసి, జారుముడి వేసి మీరే ఒకసారి తాడు లాగి చూడండి.