విశాఖ డాబాకి ఏ షీటు వేయించాలి?

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగేదిది: "ఎంవీపీ కాలనీలో మా ఇల్లు కట్టి ఇరవై ఐదేళ్లయింది. డాబా కారుతోందని నాన్నగారు ఫోన్ చేశారు. ఇక్కడి బిల్డింగుల మీద తెల్లటి టీపీఓ షీటు వేస్తున్నారు కదా, అదే అక్కడా వేయిస్తే సరిపోదా?"

సరిపోదు. టీపీఓ అంటే నీరు దిగకుండా కప్పు మీద పరిచే ఒక రకం ప్లాస్టిక్ షీటు. అది చెడ్డ సరుకేం కాదు. కానీ అమెరికాలో దాన్ని పరిచేది మరమ్మతులకి తప్ప ఎవరూ ఎక్కని కప్పు మీద. మన డాబా ఇంట్లో ఇంకో గది. వాటర్ ట్యాంకు, సోలార్ హీటరు, బట్టల తీగలు అక్కడే; ఒడియాలు, మిరపకాయలు ఎండేదీ అక్కడే. ఒకటిన్నర మిల్లీమీటర్ల షీటు మీద ఇనప మంచం ఓసారి ఈడిస్తే చాలు, చిరుగుతుంది. పైగా దాని అతుకులు వేడిగాలి మెషీనుతో వేయాలి. రేపు చిరిగితే ఆ మెషీనూ, దాని పని తెలిసిన మనిషీ ఇద్దరూ దొరకాలి. గాజువాక వైపు గోడౌన్ల రేకు కప్పులకైతే బాగుంటుంది.

ఇక మిగతా షీట్లు. నల్ల రబ్బరు షీటు (ఈపీడీఎం) మీద నూనె పడితే ఉబ్బుతుంది, ఎండకి కాగి కింది గదిని పొయ్యి చేస్తుంది. పీవీసీని పాత తారు పొర మీద నేరుగా పరిస్తే దాన్ని మెత్తగా ఉంచే నూనెలు తారులోకి పోయి పెళుసెక్కుతుంది.

సిమెంటు శ్లాబు ఉన్న ఇంటికి మిగిలేవి రెండు: మంటతో అతికించే తారు షీటు, పీయూ (పాలీయురిథేన్) అనే ద్రవం పూసే కోటింగు.

తారు షీటులో ఏపీపీ (తారులో ప్లాస్టిక్ కలిపింది), ఎస్‌బీఎస్ (రబ్బరు కలిపింది) అని రెండు రకాలు. కెనడా లాంటి చలి దేశాల్లో వాడేది ఎస్‌బీఎస్, చలికి పగలకుండా సాగుతుంది. విశాఖకి కావలసింది ఎండకి మెత్తబడనిది, అంటే ఏపీపీ. 4 మిల్లీమీటర్ల మందం, లోపల పాలియెస్టర్ బట్ట ఉన్నది అడగండి. రోలు మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు. పక్క అతుకు 10 సెంటీమీటర్లు, చివరి అతుకు 15 సెంటీమీటర్లు పోతే రోలుకి దాదాపు 9 చదరపు మీటర్లు మిగులుతాయి. వెయ్యి చదరపు అడుగుల డాబాకి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించడంతో సహా, కోతల్లో పోయేదీ కలుపుకుంటే 12-13 రోళ్లు పడతాయి. పది రోళ్లతో ముగించేస్తానన్నవాడు పిట్టగోడని వదిలేస్తున్నాడన్నమాట. కారడం ఎక్కువగా మొదలయ్యేది ఆ మూలలోనే. అక్కడ సిమెంటుతో 5 సెంటీమీటర్ల వాలు తిప్పాలి, గోడలో అంగుళం లోతు గాడి కోసి షీటు అంచు అందులోకి దోపి పీయూ సీలెంటు పెట్టాలి. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు. అంచు వదులుగా ఉన్న షీటు కిందికి గాలి దూరిందంటే మిగతాదంతా లేచొస్తుంది.

మంట పెట్టి అతికేటప్పుడు అతుకు వెంబడి కరిగిన తారు సన్నటి తీగలా బయటికి రావాలి. రాలేదంటే అది అతకలేదు, ఆనుకుందంతే.

డాబా నిండా ట్యాంకు దిమ్మలు, పైపులు, సోలార్ కాళ్లు ఉంటే షీటుని ముక్కలు ముక్కలుగా కోయాల్సి వస్తుంది. అక్కడ పీయూ కోటింగే నయం. మోసం జరిగేది కూడా ఇక్కడే. ఎండాక 1.5 మిల్లీమీటర్లు ఉండాలంటే 93 చదరపు మీటర్లకి కనీసం 140 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు ఏడు కావాలి. ఆరేటప్పుడు ఆవిరయ్యేదీ, పిట్టగోడా దీనికి అదనం. రెండు బకెట్లతో పని అయిపోయిందంటే పడింది అర మిల్లీమీటరు కూడా లేదు, మీరు కొన్నది రంగు. ఎండలో వదిలేసే డాబా అయితే పైపూత అలిఫాటిక్ రకం ఉండాలి, లేకపోతే పొడిరాలుతుంది. మామూలు అక్రిలిక్ పూతలు నీరు నిలిచేచోట మెత్తబడి ఊడతాయి.

ఏది వేసినా ముందు పని ఒకటే. బోలు శబ్దం వచ్చే పాత గచ్చు కొట్టేయాలి. పొర మీద పొర వేసుకుంటూ పోతే శ్లాబు మీద బరువు పెరుగుతుంది. తూము వైపు 10 అడుగులకి ఒకటిన్నర అంగుళాల వాలు రావాలి. లాసన్స్ బే లాంటి సముద్రపు గాలి తగిలే చోట కింద పెచ్చులూడి చువ్వలు కనబడుతుంటే ముందు ఆ తుప్పు సంగతి చూడాలి. ఇక తడి: అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు పక్కలా టేపుతో అంటించి 16 గంటలు ఉంచండి. అడుగున చెమ్మ కనబడితే పని ఆపాలి. తడి మీద వేసిన పొర మొదటి ఎండలకే బుడగలు లేస్తుంది. అందుకే ఫిబ్రవరి నుంచి మే లోపు చేయించండి.

పొర వేశాక తూము మూసి 5 సెంటీమీటర్ల నీళ్లు 48 గంటలు నిలపాలి. తరవాతే తారు షీటు మీద దానికి రక్షణగా జియోటెక్స్‌టైల్ అనే సింథటిక్ బట్ట, 4 సెంటీమీటర్ల గచ్చు, తెల్ల టైల్స్. టైల్స్ వేశాక కారితే నీరు ఎక్కడ దిగి ఎక్కడ తేలుతోందో పట్టుకోవడం కష్టం. న్యూజెర్సీలో రాత్రి 9:30 అంటే వేసవిలో అక్కడ ఉదయం 7. ఆ టైముకి వీడియో కాల్‌లో రోళ్ల లెక్క, షీటు ముక్క మందం, నిలిపిన నీళ్లు చూపించమనండి. ట్యాంకు కాళ్లకి దిమ్మలు ముందే కట్టించి పొరని వాటి మీదికి ఎక్కించాలి. పని అయ్యాక డిష్ ఆంటెన్నా కుర్రాడొచ్చి డ్రిల్లు పెట్టకుండా నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఆఖరి పది శాతం డబ్బు నవంబరు వానలు చూశాకే పంపండి.