జంతువుల బొమ్మలు గీసే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ జంతు కథలూ, వాటికి నువ్వే గీసిన బొమ్మలూ అందాయి. కథల సంగతి మరో ఉత్తరంలో రాస్తాను. మధ్యయుగపు ఐరోపా చిత్రకారుల సింహాలూ ఏనుగులూ నీకు ఎంతో ఇష్టమనీ, కానీ నువ్వు గీసినవి వాళ్ల బొమ్మలకు నకళ్లుగానే మిగిలిపోతున్నాయనీ బాధపడ్డావు కాబట్టి ముందుగా దాని గురించే చెబుతాను.

మనిషి ముఖం లాంటి ముఖమున్న సింహం, స్తంభాల్లాంటి కాళ్లున్న ఏనుగు నీ బొమ్మల్లో పదేపదే కనిపిస్తున్నాయి. ఆ వింతదనమే శైలి అని నువ్వు అనుకుంటున్నట్టు నాకు తోచింది. ఇంగ్లండులో 1200 ప్రాంతంలో తయారైన అబర్డీన్ బెస్టియరీ వంటి జంతుగాథల గ్రంథాలకు బొమ్మలు వేసినవాళ్లు పాత ప్రతులనూ, విన్న మాటలనూ నమ్ముకుని పనిచేశారు. ఏనుగు కాళ్లకు కీళ్లుండవనీ, అందువల్ల అది చెట్టుకు ఆనుకుని నిద్రపోతుందనీ ఆ గ్రంథాలు చెప్పేవి. తాము నమ్మినదాన్నే వాళ్లు తడబాటు లేకుండా గీశారు. ఏనుగును చూసి ఎరిగిన నువ్వు ఎరగనట్టు గీస్తే ఆ గీతకు ఆ నిబ్బరం రాదు.

ఇంగ్లండుకు చెందిన సన్యాసి, చిత్రకారుడు మాథ్యూ పారిస్ గీసిన ఏనుగు బొమ్మను శ్రద్ధగా చూడు. ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ 1255లో ఇంగ్లండు రాజు మూడో హెన్రీకి ఒక ఏనుగును కానుకగా పంపగా దాన్ని లండన్ టవర్‌లో ఉంచారు. సెయింట్ ఆల్బన్స్ మఠానికి చెందిన ఈ సన్యాసి దాన్ని చూసి గీసినప్పుడు మోకాళ్లకు కీళ్లు పెట్టాడు, దాని పరిమాణం తెలిసేలా మావటిని కూడా పక్కనే నిలబెట్టాడు. అయినా తేటైన కలం గీత, దానిపై పలచని రంగు పూత ఆయన ఇతర బొమ్మల్లో ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. కళ్లు చూసినదాన్ని ఒప్పుకుంటూనే చెయ్యి తన అలవాటును నిలుపుకుంది. నువ్వు వెతుకుతున్న శైలి అక్కడ దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

ఆ జంతుగాథల చిత్రకారుల దగ్గర తీసుకోవలసింది లేదని కాదు. సింహం తోక వెనక కాళ్ల మధ్య నుంచి వచ్చి, డొక్క మీదుగా పైకి లేచి, చివర ఆకులా విచ్చుకునే తీరు చూడు: ఇరుకైన చట్రంలో ఖాళీని ఎలా నింపాలో ఆ ఒక్క తోక నేర్పుతుంది. కొన్ని బొమ్మల్లో పాదమో తోకో చట్రం దాటి బయటికి వస్తుంది. దాంతో జంతువుకు కదలిక వస్తుంది. ఇలాంటి నిర్ణయాలను నేర్చుకో, ముఖాలను మాత్రం వదిలెయ్యి.

కొన్నాళ్లపాటు సింహాలను పక్కన పెట్టి, మీ వీధిలో రోజూ కనిపించే గేదెను గీయి. ఫొటో పెట్టుకోకుండా దాని ఎదుటే నిలబడి, నెమరు వేసేటప్పుడు దవడ ఎటు జరుగుతుందో, పడుకునేటప్పుడు ముందు మోకాళ్లు ఎలా ముడుస్తుందో కాగితం మీద పెట్టు. తర్వాత ఇంటికి వచ్చి, చదరపు చట్రం గీసుకుని, అదే గేదెను అందులో పట్టేలా కలంతో మాత్రమే మళ్లీ గీయి. కొమ్ములను వంచాలో, చట్రం దాటించాలో నువ్వే తేల్చుకో. రంగులు వేయకుండా ఆ బొమ్మలను వరుసగా నాకు పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి