గుండె సెన్సర్ల మీద పనిచేయాలంటే ఈసీఈ మానాలా?

ప్రశ్న: మాది గుత్తి. అమ్మాయి అనంతపురంలో ఈసీఈ రెండో ఏడాది. నాకు గుండె దడ వస్తే కర్నూలు డాక్టరు గారు ఒక రోజంతా హోల్టర్ (గుండె లయను ఆగకుండా రికార్డు చేసే చిన్న పెట్టె) తగిలించారు. చొక్కా కింద ఆ వైర్లు చూసినప్పటి నుంచి, వైర్లు లేని గుండె సెన్సర్లు తయారుచేసే పనిలోకే పోతానంటోంది. ఈసీఈ మాన్పించి బయోమెడికల్‌లో చేర్చమంటారా?

జవాబు: మాన్పించకండి సార్. ఆ పనికి ఈసీఈయే సరైన పునాది.

గుండెలో పుట్టే విద్యుత్తు ఛాతీ చర్మం మీదికి వచ్చేసరికి దాదాపు ఒక మిల్లీవోల్టు. మెట్లెక్కితే చాలు, కండరాల కదలికలో ఆ విద్యుత్తు గీసే ఈసీజీ గీత చెదిరిపోతుంది. దాన్ని పెంచి, వడగట్టి, సెకనుకు 250 సార్లకు తక్కువ కాకుండా కొలిచి, బ్లూటూత్‌లో ఫోనుకు పంపాలి. అదీ చిన్న బ్యాటరీతో, రోజుల తరబడి. అనలాగ్ సర్క్యూట్లు, డీఎస్పీ (సిగ్నళ్లను అంకెలుగా మార్చి శుద్ధిచేసే పద్ధతులు), ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల్లో ఇమిడే చిన్న కంప్యూటర్లు) అని మీ అమ్మాయి చదివేవన్నీ ఇందుకే పనికొస్తాయి. (వాచీల వెనక వెలిగే పచ్చ లైటు వేరే సంగతి. అది చూసేది రక్తప్రవాహాన్ని, ఈసీజీని కాదు. పిల్లలు చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.)

ఈ సెలవుల్లో ఏడీ8232 బోర్డు (గుండె సిగ్నల్‌ను పెంచేది), ఈఎస్పీ32 (బ్లూటూత్ ఉన్న చిన్న కంప్యూటర్ చిప్), ఒంటికి అంటించే మూడు ఎలక్ట్రోడ్లు కొనివ్వండి. తన గుండె గీత తనే చూసుకోనివ్వండి. ఒంటికి తగిలే సర్క్యూట్ కాబట్టి ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడపాలి, ఇది మరవొద్దు. మొదట తెరంతా గజిబిజిగా ఉంటుంది. ఇంట్లో కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ రొద అది. చర్మం శుభ్రంగా తుడిచి, వైర్లు మూడింటినీ మెలేసి, కదలకుండా కూర్చుంటే మొనలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. చెయ్యి ఊపగానే మళ్లీ మాయం. అక్కడ విసుగొచ్చి పక్కన పెట్టేస్తే ఇంకో దారి చూద్దాం. ఎందుకు పోయిందో తేలేదాకా అన్నానికి కూడా లేవకపోతే మాత్రం అడ్డు చెప్పకండి.

ఆ తర్వాత ఎంఐటీ-బీఐహెచ్ అనే పేరున్న, పరిశోధకులు వాడే గుండె లయ రికార్డులు చూడమనండి. అరగంటవి 48, నెట్‌లో ఉచితం. ఈసీజీలో గుండె కొట్టుకునే మొనలను పట్టే 1985 నాటి పాన్-టాంప్కిన్స్ పద్ధతిని వాటి మీద పైథాన్‌లో తనే రాయాలి. లెక్చరర్‌తో ఉత్తరం రాయించుకుని పెద్దాసుపత్రిలో ఈసీజీ టెక్నీషియన్ల దగ్గర రెండు రోజులు కూర్చున్నా మంచిదే. మన సీమ ఎండల్లో చెమటకు ఛాతీకి అంటించే ప్యాచ్ ఎలా ఊడుతుందో వాళ్లను అడగాలి.

బయోమెడికల్ ఎంటెక్‌లో చదవొచ్చు. గేట్‌లో 2020 నుంచి దానికి వేరే పేపరుంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగమే ఉంది. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది, బెంగళూరు మీకు దగ్గరే. ఒక్కటి ముందే చెబుతున్నాను: క్యాంపస్‌కు వచ్చేవి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఈ రంగంలో తొలి ఉద్యోగం ఆలస్యం కావచ్చు, జీతమూ తక్కువ ఉండొచ్చు. ఆ తొలి ఏళ్లలో ఇంటి అప్పుల భారం ఆమె మీద పడకుండా చూడగలరేమో మీరిద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.

మీ హోల్టర్ రిపోర్టు ఉంటే ఆమెకివ్వండి. కానీ ఆమె బోర్డు మీద గీత బాగుందని మందులు, చెకప్‌లు మానకండి.