క్లాసు డ్రాప్ చేసే ముందు ముగ్గుర్ని అడుగు

చిన్నీ,

ఆగస్టులో అమెరికా యూనివర్సిటీ టెన్నిస్ టీమ్‌లో చేరగానే నిన్ను అథ్లెట్ల అకడమిక్ సెంటర్‌కు తీసుకెళ్లి చూపిస్తారు. కంప్యూటర్లు, ట్యూటర్లు, నీకంటూ ఒక కౌన్సెలర్. అదంతా చూస్తే ఇక చదువు సంగతి వీళ్లే చూసుకుంటారులే అనిపిస్తుంది. అలా అనుకోకు. కౌన్సెలర్ ఎంత మంచి మనిషైనా, ఆమె ముందుగా చూసేది నువ్వు మ్యాచ్ ఆడడానికి అర్హురాలివా కాదా అని. నీ డిగ్రీ లెక్క డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ దగ్గర ఉంటుంది. వీసా లెక్క ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉంటుంది. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారన్న భరోసా లేదు. మాట్లాడించాల్సింది నువ్వే.

ముందు 12 సంగతి. ప్రతి కోర్సుకూ ఇన్ని క్రెడిట్లని ఉంటాయి, సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లలో నమోదై ఉండాలి. సరిగ్గా 12 తీసుకుని, అక్టోబరులో కెమిస్ట్రీ కొరుకుడుపడక వదిలేశావనుకో, 8కో 9కో పడిపోతావు. మ్యాచ్ మాట అటుంచు, ప్రాక్టీసుకు కూడా రానివ్వరు. నీ అమెరికన్ టీమ్‌మేట్లకు నష్టం అంతటితో సరి. నీకు ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా కూడా ఉంది కదా, ఇంటర్నేషనల్ ఆఫీసు ముందుగా ఒప్పుకోకుండా తగ్గితే వీసా స్టేటస్సే పోతుంది. అందుకే 15తో మొదలుపెట్టు. మూడు క్రెడిట్ల కోర్సు ఒకటి వదిలినా 12 మిగులుతాయి.

ఇంకో ఉచ్చు ఆన్‌లైన్ క్లాసులు. ప్రయాణాలు ఎక్కువని టీమ్‌లో కొందరు మూడేసి ఆన్‌లైన్ క్లాసులు తీసుకుంటారు, నిన్నూ తీసుకోమంటారు. ఎఫ్‌-1 వాళ్లకు ఆ 12లో ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అంటే 3 క్రెడిట్లే లెక్కకు వస్తాయి. ఇది కౌన్సెలర్‌కు గుర్తుండకపోవచ్చు. నువ్వు మరిచిపోకు.

ఇక ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంఘం, దాని పైస్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే ఉండాల్సిన లెక్కలు. ప్రతి సెమిస్టర్‌లో కనీసం 6 క్రెడిట్లు పాసవ్వాలి. ఫాల్ (ఆగస్టు నుంచి డిసెంబరు), స్ప్రింగ్ (జనవరి నుంచి మే) సెమిస్టర్లు కలిపి 18. రెండో ఏడు మొదలయ్యేలోపు మొత్తం 24. మూడో ఏడాదికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 పూర్తయి ఉండాలి. డిగ్రీకి కావాల్సిన జీపీఏ 2.0 అయితే రెండో ఏడాదికి 1.8, మూడో ఏడాదికి 1.9, ఆ తర్వాత 2.0. నీకు జీపీఏతో ఇబ్బంది ఉండదు, శాతాలతోనే ఉంటుంది. 120 క్రెడిట్ల డిగ్రీలో 40 శాతమంటే 48, ఏడాదికి 24 చొప్పున సరిపోతుంది. నువ్వు చేరాలనుకుంటున్న ఇంజనీరింగ్ 128 అయితే 40 శాతానికి 52 కావాలి. 24, 24 చేసినవాళ్లు అక్కడ నాలుగు క్రెడిట్లు తక్కువై ఆగిపోతారు. పైగా ఆ శాతంలోకి నీ డిగ్రీకి పనికొచ్చే కోర్సులే వస్తాయి. సులువని తీసుకున్న సోషియాలజీ కోర్సు డిగ్రీ షీట్‌లో ఎక్కడా ఇమడకపోతే ఈ లెక్కలో అది లేనట్టే. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, మార్చుకున్నా అంతే, పాత క్రెడిట్లు కొన్ని గాల్లో కలిసిపోతాయి. లోటును సమ్మర్ క్లాసులతో పూడ్చుకోవచ్చు. వాటికి స్కాలర్‌షిప్ ఇస్తారేమో ఫిబ్రవరిలోనే కోచ్‌ను అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు.

ల్యాబ్‌లు మధ్యాహ్నాలే ఉంటాయి, ప్రాక్టీసూ అప్పుడే. ఆ ఇబ్బంది చూపించి తేలిక మేజర్ వైపు నిన్ను నెట్టాలని చూస్తారు, మెత్తగానే. తలూపకు. కాలేజీ టెన్నిస్‌లో టీమ్ మ్యాచ్‌లు జనవరి నుంచి మే దాకా, కాబట్టి బరువైన ల్యాబ్ కోర్సు ఫాల్‌లో పెట్టుకో. చాలా యూనివర్సిటీల్లో అథ్లెట్లకు మిగతావాళ్లకంటే ముందే రిజిస్ట్రేషన్ తెరుస్తారు. ఆ రోజు పొద్దున్నే కూర్చుని ఉదయం సెక్షన్లు పట్టేయ్.

సీజన్‌లో ఆట వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదని రూలు, వారంలో ఒక రోజు సెలవు. కాగితం మీద బాగానే ఉంటుంది. మ్యాచ్ ఎంతసేపు సాగినా 3 గంటలుగానే రాస్తారు, బస్సు ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం అసలు కలపరు. టైమ్‌టేబుల్ వేసుకునేటప్పుడు ఆ 20ని నమ్మకు.

క్లాసులు మొదలైన వారం సిలబస్‌లన్నీ, మ్యాచ్‌ల షెడ్యూలు పక్కపక్కన పెట్టుకుని పరీక్ష ఉన్న ప్రయాణపు రోజులకు ఎర్రసిరాతో సున్నా చుట్టు. మ్యాచ్ కోసం క్లాసుకు రాలేవని తెలిపే ట్రావెల్ లెటర్ అకడమిక్ సెంటర్ వాళ్లు ఇస్తారు, కానీ ప్రొఫెసర్ చేతికి ఇవ్వాల్సింది నువ్వే, కనీసం రెండు వారాల ముందు. మెయిల్‌లో కోర్సు నంబరు, సెక్షను, వెళ్లే తేదీ, తిరిగొచ్చే గంట రాసి, "ఆ క్విజ్ ముందే రాయవచ్చా, లేక మా వెంట వచ్చే స్టాఫ్ ఎదుట రాయనా?" అని అడుగు. "నాకు మ్యాచ్ ఉంది" అని ఊరుకుంటే జవాబూ అలాగే వస్తుంది. ఆయన కాదంటే కోచ్‌తో ఫోన్ చేయించకు, చెడుతుంది. అథ్లెటిక్స్‌కు ఫ్యాకల్టీ తరఫున ఒక ప్రొఫెసర్ ఉంటారు, కౌన్సెలర్ ద్వారా ఆయన దగ్గరికి వెళ్లు.

మొదటి ఏడాది స్టడీ హాల్, అంటే సెంటర్‌లో తప్పనిసరిగా కూర్చుని చదివే గంటలు, తప్పదు, చాలాచోట్ల వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు. కార్డు గీకి ఫోన్ చూస్తూ కూర్చున్నా గంటలు నిండుతాయి, అదే దాని జబ్బు. చదివే పని బస్సులో చేసుకో, లెక్కలు మాత్రం ట్యూటర్ పక్కనుండగా స్టడీ హాల్లో చెయ్యి.

ట్యూటర్ చేయి నీ కీబోర్డు మీద పడకూడదు. ఒక్క వాక్యం దిద్ది టైప్ చేసి పెడతానన్నా లాప్‌టాప్ నీ వైపు లాక్కో. నీ పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకు. 2019లో మిస్సౌరీ యూనివర్సిటీకి ఎన్‌సీఏఏ శిక్ష వేసింది ఇందుకే, ఒక ట్యూటర్ 12 మంది అథ్లెట్ల కోర్సు పని తానే చేసిపెట్టింది. చాట్‌బాట్ చేత రాయించినా ఇదే గొడవ.

ఏ క్లాసైనా వదలాలనిపిస్తే కౌన్సెలర్, డిపార్ట్‌మెంట్ అడ్వైజర్, ఇంటర్నేషనల్ ఆఫీసు, ముగ్గురికీ ఒకే మెయిల్ పెట్టి, మూడు జవాబులూ వచ్చాకే బటన్ నొక్కు. నోటిమాటగా "పర్లేదు" అంటే అది జవాబు కాదు.

సిలబస్‌లు చేతికి రాగానే ఎర్రసున్నాల కాగితం ఫొటో తీసి నాకు పంపు. నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ