క్రిప్టో వాలెట్‌లో బగ్ బయటపడితే ఎంత తొందరపడాలి?

డబ్బు పోయే బగ్ కనబడితే అదే రాత్రి సరిచేసి విడుదల చేయాలా, వారమంతా పరీక్షించాలా అని అడిగారు. నేను కొన్నేళ్లు ఒక క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో (నాణేలు కొని అమ్మే వేదిక) విత్‌డ్రాయల్స్, అంటే ఖాతాదారులు బయటకు తీసుకునే చెల్లింపులు, చూసే బృందంలో పనిచేశాను. అక్కడ నాకు అర్థమైనదేమిటంటే, నష్టాన్ని ఆపడం ఒక పని, కోడ్ దిద్దడం మరో పని. మొదటిది నిమిషాల్లో జరగాలి. రెండోదానికి ఎంత సమయం కావాలో మార్పు పరిమాణాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఒకసారి నోడ్ (మమ్మల్ని క్రిప్టో నెట్‌వర్క్‌తో కలిపే కంప్యూటర్) జవాబు ఆలస్యమైనప్పుడల్లా మా సర్వీసు అదే చెల్లింపును కొత్తగా తయారుచేసి పంపడం మొదలుపెట్టింది. కొందరికి నాణేలు రెండుసార్లు వెళ్లాయి. కారణం తెలియకముందే విత్‌డ్రాయల్స్ ఆపేశాం. ఖాతాదారులు మండిపడ్డారు, పైఅధికారులు పదే పదే ఫోన్ చేశారు. అయినా నష్టం ఆగింది కాబట్టే లాగ్‌లు నింపాదిగా చదవగలిగాం. చెల్లింపుల విభాగాన్ని మొత్తం తిరగరాద్దామని ఒక సహోద్యోగి అన్నాడు. మంచి ఆలోచనే, కానీ ఆ పూట చేసే పని కాదు. ఒక అభ్యర్థనకు లావాదేవీ ముందే సంతకమై ఉంటే పాతదాన్నే మళ్లీ నెట్‌వర్క్‌కు ప్రసారం చేసేలా మార్చాం. అది ఎన్నిసార్లు ప్రసారమైనా నాణేలు కదిలేది ఒక్కసారే. ఇద్దరు విడివిడిగా కోడ్ చదివారు. టెస్ట్‌నెట్‌లో (అసలు డబ్బు లేని ప్రయోగ నెట్‌వర్క్) జవాబులను కావాలనే ఆలస్యం చేసి చూశాం. తరువాత ముందుగా చిన్న మొత్తాలకే తెరిచాం.

2018 సెప్టెంబరు 17న బిట్‌కాయిన్ నెట్‌వర్క్ నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ డెవలపర్లకు ఇంతకంటే భయంకరమైన బగ్ గురించి రహస్యంగా సమాచారం అందింది. ఒకే లావాదేవీలో అదే నాణేన్ని రెండుసార్లు ఖర్చుపెట్టి, లేని బిట్‌కాయిన్లను పుట్టించే వీలుంది. వేగం కోసం అంతకుముందు తీసేసిన తనిఖీని తిరిగి పెట్టడమే పరిష్కారం కనుక మర్నాడే 0.16.3 వెర్షన్ విడుదలైంది. మొదట నోడ్‌లు కూలే ప్రమాదం ఉందని మాత్రమే చెప్పి, అసలు సంగతి 20న వెల్లడించారు. అప్‌డేట్ చేసుకునే గడువు దొరికింది కాబట్టి అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం.

పారిటీ మల్టీసిగ్ (పలువురి సంతకాలు కావలసిన ఈథీరియం వాలెట్) కథ వేరు. 2017 జులైలో సుమారు 1,50,000 ఈథర్ (ఈథీరియం నాణెం) చోరీ అయ్యాక వెంటనే కొత్త లైబ్రరీ కాంట్రాక్ట్ (ఆ వాలెట్లు ఆధారపడే ఉమ్మడి కోడ్) పెట్టారు. ఆ లైబ్రరీకి యజమానిని మాత్రం నిర్దేశించలేదు. ఆగస్టులోనే ఒకరు ఈ సంగతి సూచించినా, తరువాతి అప్‌డేట్‌లో చూద్దామనుకున్నారు. నవంబరులో ఎవరో దానికి యజమానిగా మారి, కాంట్రాక్ట్‌నే చెరిపేయడంతో 5,13,000కు పైగా ఈథర్ ఎవరికీ అందకుండా చిక్కుకుపోయింది. ఇక్కడ నన్ను బాధపెట్టేది జులై నాటి తొందర కాదు, ఆ తరువాత వృథా అయిన నెలలు. హడావుడిగా పెట్టిన కోడ్‌ను మర్నాడే కూర్చుని మళ్లీ చదవాలి.

ఆపే వీలే లేని చోట ఎంత నైపుణ్యమున్నా చేతులు కట్టేసినట్టే. 2021 సెప్టెంబరులో క్రిప్టో అప్పులిచ్చే వేదిక కాంపౌండ్‌లో ఒక మార్పు వల్ల దాని సొంత నాణేలైన కాంప్ టోకెన్లు అర్హతకు మించి పంపిణీ అయ్యాయి. ఏ మార్పుకైనా ఏడు రోజుల ఓటింగ్ ప్రక్రియ తప్పనిసరి కావడంతో బగ్ తెలిసినా వెంటనే ఆపలేకపోయారు. అందువల్ల ముందుగా చూసుకోండి: అర్ధరాత్రి ఎవరినీ అడగకుండా చెల్లింపులు నిలిపే అధికారం మీ బృందంలో ఎవరికి ఉంది? ఎవరికీ లేకపోతే ఈ వారమే మీ మేనేజరుతో మాట్లాడండి.